ఏసీ గారికి, వంటింటి నుంచి

ఏసీ గారూ,

గారు అనడం ఇదొక్కసారే, అదీ మావయ్య గారు హాల్లో ఉన్నారు కాబట్టి. ఇక మీదట నువ్వే. ఇంట్లో మిగతావాళ్ళకి నువ్వంటే భయభక్తులు ఉంటే ఉండొచ్చు. నాకు మాత్రం నీతో అనాల్సిన మాటలు గొంతు దాకా వచ్చి ఆగిపోతున్నాయి, ఇవాళ కందిపప్పు ఉడికేలోపు అన్నీ రాసి పడేద్దామని కూర్చున్నాను.

ముందు నీ హోదా సంగతి తేలుద్దాం. ఈ ఇంటికి ఫ్రిజ్ వచ్చింది, వాషింగ్ మెషిన్ వచ్చింది, మిక్సీలు వచ్చాయి, పోయాయి, ఎవరికీ కొబ్బరికాయ కొట్టలేదు. నీకు కొట్టారు. నిన్ను బిగించిన కుర్రాడు నిచ్చెన దిగీ దిగకముందే అత్తయ్య గారు స్టూలు వేయించుకుని, మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి ఎక్కి, డిగ్రీల అంకె వెలిగే చోట సరిగ్గా పసుపు రాసి బొట్టు పెట్టారు. దసరా ఆయుధపూజకి మళ్ళీ పెడతారు, పాతది తుడవరు. అందుకని ఇప్పుడు నీ మీద మొదటి అంకె కనిపిస్తుంది, రెండోది కనిపించదు. ఇరవై ఎంతో దేవుడికి, మావయ్య గారికి మాత్రమే తెలుసు. ఆయనకి కావాల్సింది కూడా అదే.

రిమోట్ ఆయన లాల్చీ జేబులో ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి తలుపులు మూసి నిన్ను మేల్కొలుపుతారు, తెల్లవారుజామున నాలుగింటికి పవళింపజేస్తారు. పర్వదినాల్లో తిరుమలలోనైనా సేవల వేళలు మారతాయేమో గానీ మా ఇంట్లో నీ వేళలు మారవు. 24 కంటే తగ్గించమని ఎవరైనా అంటే ఆయన దగ్గర పేపరు కటింగు సిద్ధంగా ఉంటుంది: 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 దగ్గరే మొదలవ్వాలని కేంద్రం చెప్పింది, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. నువ్వు అంతకు ముందు పుట్టిన మోడలువి, ఆ రూలు నీకు వర్తించదని మా అబ్బాయి ఒకసారి పాయింటు తీశాడు. ‘పెద్దవాళ్ళకి రూల్సు ఇంకా ఎక్కువ వర్తిస్తాయిరా’ అని ఆయన 27 చేశారు.

ఆయన్నీ తప్పు పట్టలేను. రోజూ పొద్దున్నే టార్చి పట్టుకెళ్ళి మీటరు రీడింగు డైరీలో రాసుకునే మనిషి. 400 యూనిట్లు దాటితే ఆఖరి శ్లాబు, యూనిట్ పదికి పావలా తక్కువ. దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు, ఎప్పుడో కొన్నేళ్ళ కింద మనం వాడుకున్న కరెంటుకి ఇప్పుడు వేసే ట్రూ-అప్. పోయిన జన్మ పాపాలు ఈ జన్మలో కట్టడం అంటే ఏమిటో మా పిల్లలకి అత్తయ్య గారి పురాణం కంటే ఈ బిల్లే బాగా నేర్పింది.

ఇక నా అసలు ఫిర్యాదు. నువ్వు పడగ్గది గోడ ఎక్కి ఇన్నేళ్ళయింది, ఒక్కసారన్నా వంటింటి వైపు తొంగి చూశావా? మే నెల బెజవాడలో పొద్దున్న ఎనిమిదికే ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి ఎటు పోవాలో తెలియక నా మొహానికే అంటుకుంటుంది. చెమట ఆరదు, కృష్ణ పక్కనే ఉంది కదా, గాలి నిండా తేమే. రెంటచింతల పేరు టీవీలో ఎండాకాలంలో తప్ప వినపడదు, పాపం, కానీ వాళ్ళది పొడి ఎండ. మాది ఉక్కపోత. స్టవ్ దగ్గర ఫ్యాన్ వేస్తే మంట ఆరిపోతుంది, వేయకపోతే నేను ఆరిపోతాను.

నీ పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివాను. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో, గాలిలో తేమకి కాగితం ఒకరోజు సాగి ఒకరోజు ముడుచుకుని రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం లేదని గొడవ పెడితే, విల్లిస్ క్యారియర్ అని ఒక కుర్ర ఇంజనీరు ఆ తేమని అదుపు చేసే యంత్రం గీశాడు. అంటే నువ్వు పుట్టిందే కాగితాల సుఖం కోసం. మనుషులు తర్వాత వచ్చారు. వంట చేసే మనిషి ఇంకా రాలేదు. నేను కూడా ఒక క్యాలెండర్ కాగితమై గోడకి వేలాడి ఉంటే ఈపాటికి నా కోసం ఎవరో ఒకరు ఏదో ఒకటి కనిపెట్టేవాళ్ళు.

అందుకే ఈ ఏడాది ఆవకాయ నీ గదిలో కలిపాను. ఎవరినీ అడగలేదు. మంచం గోడ వైపు జరిపి, పాత చీర పరిచి, పెద్ద బేసిన్ మధ్యలో పెట్టాను. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు మార్కెట్లోనే టెంకతో సహా కొట్టించుకొచ్చారు మా ఆయన, మా అమ్మాయి ఒక్కో ముక్కకీ జీడి తీసి పొర గీకి పొడిగుడ్డతో తుడిచింది. ఫ్యాన్ వేస్తే కారం ఎగురుతుంది, నీకైతే ఆ బాధ లేదని నా లెక్క. నీకు కింద నుంచి గాలి పీల్చి పైనుంచి వదిలే అలవాటో, పై నుంచి పీల్చి కింద నుంచి వదిలే అలవాటో నాకు తెలియదు గానీ గుంటూరు కారం, ఆవపిండి బేసిన్లో పడిన కాసేపటికి ఆ ఘాటు మొత్తం నువ్వు లోపలికి తీసుకుని, చక్కగా చల్లబరిచి, నాలుగు మూలలకీ సమానంగా పంచిపెట్టావు. ముందు అమ్మాయి తుమ్మింది. తర్వాత గదిలోకి తొంగి చూసిన మా ఆయన. పక్క గదిలో పడుకున్న మావయ్య గారు దగ్గుకుంటూ వచ్చి, ఎన్నేళ్ళుగానో ‘తలుపు! తలుపు వేయండి!’ అని అరిచిన మనిషి, తన చేత్తోనే తలుపు బార్లా తెరిచారు. నీ మీద నేను సాధించిన ఏకైక విజయం అది.

ఆ తర్వాత పప్పునూనె పోసి జాడీకి ఎత్తాక, బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపాను. అందరూ ఆ చీర మీదే చుట్టూ కూర్చుని చేతులు చాపారు. అత్తయ్య గారు మాత్రం దేవుడికి నైవేద్యం పెట్టకుండా కొత్త ఆవకాయ ముట్టరు, ఆవిడ ముద్ద ముందే తీసి పక్కన పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఒక్కరూ ఆపలేదు. నువ్వు ఆ తర్వాత కూడా చాలా రాత్రులు ఆవకాయ వాసనే వదిలావు, అబ్బాయికి నిద్రలో ఆకలేస్తోందట.

అత్తయ్య గారి సంగతికి వస్తే, నీకు మొదటి ఎండాకాలంలో బొట్టు పెట్టారే గానీ నీ గదిలో పడుకోలేదు. దణ్ణం పెట్టడం వేరు, నమ్మడం వేరు. ‘శివుడికి ధారాపాత్ర చాలు, సింహాద్రి అప్పన్నకి చందనం చాలు, నాకు విసనకర్ర చాలదా?’ అనేవారు. నేను చిన్న అనుమానం అడిగాను: అప్పన్న స్వామికి అక్షయ తృతీయ నాడు నిజరూప దర్శనం అయ్యాక మొదలుపెట్టి నాలుగు విడతల్లో మొత్తం 12 మణుగుల చందనం పూస్తారు కదా, మనకి విసనకర్ర ఒక్కటే ఎలా సరిపోతుంది అని. ‘ఆయన ఉగ్రం ఎంత, నీ ఉగ్రం ఎంత’ అన్నారు. నా ఉగ్రం ఆవిడ వంటింట్లో చూడలేదు.

నిజానికి నిన్ను తెచ్చుకున్నది భోగానికి కాదు, భయానికి. 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది పెద్దవాళ్ళు, ఎండలో పని చేసుకునే వాళ్ళు. పేపరు తెరవాలంటే భయమేసేది. మావయ్య గారికి బీపీ, ఆవిడకి షుగరు. మా ఆయన నోరు విప్పి ఏమీ అనలేదు, తర్వాతి ఎండలకి వాయిదాల మీద నిన్ను తీసుకొచ్చారు. అత్తయ్య గారు ఒక రాత్రి ఉక్కకి కళ్ళు తిరిగి కూర్చుండిపోయాక మారు మాట్లాడకుండా వచ్చి నీ కింద పడుకున్నారు. పొద్దున్నే లేచి, ‘ఇంత చల్లగా పడుకున్నాక ఊరికే ఉండకూడదే’ అన్నారు.

అక్కడి నుంచి మొదలైంది. వైశాఖ మాసమంతా ఎవరో ఒకరికి తాటాకు విసనకర్ర, చెప్పులు, గొడుగు, మంచినీళ్ళ కుండ ఇస్తూనే ఉంటారు. గేటు దగ్గర కొత్త కుండ పెట్టి తడిగుడ్డ చుట్టి, పక్కన మజ్జిగ బిందె. పార్సిల్ తెచ్చిన పిల్లాడు ఓటీపీ అడిగితే, ‘ముందు మజ్జిగ తాగు, తర్వాత చెప్తా’ అంటారు. వాళ్ళకి నిమిషాల లెక్క ఉంటుందని చెబితే వినరు. నీ పైపు నుంచి కారే నీళ్ళు కూడా ఆవిడ లెక్కలో ఉన్నాయి. రాత్రంతా బకెట్ నిండుతుంది. ఆ నీళ్ళు తులసికి పోయకూడదట, నీకు మడి లేదు కదా. మందారానికి పోయొచ్చు. మొన్న మా పనమ్మాయి పొరపాటున తులసికే పోస్తే, తులసమ్మకి క్షమాపణ చెప్పి మళ్ళీ కుళాయి నీళ్ళు పోసి వచ్చారు. తులసి ఆ వారమంతా ఏపుగా ఉంది, నేనేం మాట్లాడలేదు.

పక్కింటి పిన్నిగారి కథ కూడా చెప్పాలి. నువ్వు మా గదిలో వేడి తీసి ఎక్కడో పారబోస్తావనుకున్నాం, సరిగ్గా ఆవిడ పెరట్లోకే ఊదుతున్నావు. పోట్లాటకి వస్తారేమోనని మా ఆయన టెన్షన్ పడ్డారు. ఆవిడ వచ్చింది మాత్రం, ‘పగలు కూడా వేయండమ్మా, నిన్న రాత్రి మీ ఏసీ పెట్టె ముందు పెట్టిన గుమ్మడి వడియాలు తెల్లారేసరికి సగం ఎండాయి, కాకి గోల లేదు’ అని చెప్పడానికి. మావయ్య గారు కరెంటు బిల్లులో వాటా అడుగుదామా అని నిజంగానే ఆలోచించారు. చివరికి ఒక డబ్బా వడియాలకి రాజీ కుదిరింది.

ఇప్పుడు నిన్ను పొగడాల్సిన భాగం. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, అయినా న్యాయం న్యాయమే.

నువ్వు రాకముందు మేమంతా డాబా మీద పడుకునేవాళ్ళం. సాయంత్రం బకెట్లతో నీళ్ళు కొడితే ఆ వేడి డాబా సుయ్‌మని ఆవిర్లు చిమ్మేది, బొంతలు పరిచాక కాసేపు దోమలు, కాసేపు కబుర్లు. ఆ తర్వాత రోజులు మారాయి, ఎవరి గది వాళ్ళది, ఎవరి ఫోన్ వాళ్ళది. ఒకే ఇంట్లో ఉంటూ మా అమ్మాయి నాకు ‘మంచినీళ్ళు’ అని మెసేజ్ పెట్టిన రోజులు కూడా ఉన్నాయి. మా దగ్గర డబ్బు ఇంకొంచెం ఎక్కువుండి ఉంటే గదికొక ఏసీ వచ్చి ఉండేది, ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళు. మాకు అంత లేదు. పైగా మావయ్య గారి శ్లాబు భయం. అందుకని ఒక్కటే ఏసీ, ఒక్కటే గది, మంచం మీద పెద్దవాళ్ళిద్దరూ, కింద వరుసగా మేము. అర్ధరాత్రి బాత్రూముకి వెళ్ళే వాళ్ళు అందరి కాళ్ళూ దాటుకుంటూ వెళ్ళాలి. ఒకరి గురక మీద ఒకరికి ఫిర్యాదు, దుప్పటి మీద గొడవ, లైటు ఆర్పాక ఫోన్ వెలిగితే మంచం మీద నుంచి మావయ్య గారి చెయ్యి కిందికి దిగుతుంది, ఫోన్ పైకి వెళ్ళిపోతుంది.

ఇక చీకట్లో మాటలే. ఇంటర్ ఫలితాలు వచ్చాక మా అబ్బాయి ఫిజిక్స్ గురించి నేను ఎంత అడిగినా పెదవి విప్పలేదు, అన్నం దగ్గర కూడా తల ఎత్తలేదు. ఒక రాత్రి లైటు ఆర్పాక, ఎవరూ అడక్కుండానే, ‘తాతయ్యా, పేపర్ చూడగానే నాకు చేతులు వణికాయి’ అన్నాడు. ఎవ్వరం కదల్లేదు. కాసేపాగి మావయ్య గారు, ‘నాకు ఎస్సెల్సీలో లెక్కలు పోయాయిరా, రెండోసారి కట్టాను’ అన్నారు. ‘పెళ్ళిచూపుల్లో ఫస్ట్ క్లాసని చెప్పారు కదండీ!’ అని అత్తయ్య గారు చీకట్లోనే లేచి కూర్చున్నారు. ఆ నవ్వులకి పిన్నిగారింట్లో లైటు వెలిగింది. వాడు కూడా నవ్వాడు, అది నేను గుర్తుపట్టాను.

నాలుగింటికి నువ్వు ఆగిపోతావు. ఐదున్నర దాకా ఆ చల్లదనం గదిలోనే ఉంటుంది. అత్తయ్య గారు మంచం మీదే కూర్చుని సన్నగా విష్ణు సహస్రనామం మొదలుపెడతారు, మాకు నిద్ర చెడకూడదని గొంతు తగ్గించి. నేను సగం నిద్రలో వింటాను. నాకు అంత నోరు తిరగదు, అంత నిష్ఠ కూడా లేదు. ఆవిడ ఫలశ్రుతి అయ్యాక వంగి వరసగా ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెడతారు, అందనివాళ్ళకి గాల్లోనే. కోడలినని నన్ను దాటి పోరు. ఇన్ని మాటలు అన్నాను కాబట్టి ఇది కూడా నీ ఖాతాలో రాస్తున్నాను, ఎవరి గదిలో వాళ్ళం ఉండి ఉంటే ఆ చెయ్యి మా దాకా వచ్చేది కాదు.

సరే, పని మాట. పిల్లల గదికి ఇంకో ఏసీ కొందామా, ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఉందంటూ మా ఆయన ఫోన్ పట్టుకుని తిరుగుతున్నారు. ఇంట్లో ఓటింగు పెట్టారు. పిల్లలిద్దరూ కొనాలన్నారు, మావయ్య గారు వద్దన్నారు, అత్తయ్య గారు మీ ఇష్టం అన్నారు, అంటే వద్దని. నా ఓటు ఇంకా అడగలేదు. నాది కూడా వద్దనే, కానీ ఊరికే కాదు: ఆ డబ్బుతో వంటింటికి మంచి చిమ్నీ, ఒక గోడ ఫ్యాన్ కావాలి, స్టవ్ మంట ఆరకుండా బిగించాలి. ఈ లేఖ ప్రతి ఒకటి మా ఆయనకి పంపుతున్నాను.

ఆదివారం మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి పిల్లలతో దిగుతోంది. గదిలో ఇంకో మూడు పరుపులు పడతాయి. నీ ఫిల్టరు రేపు కడిగిస్తాను, ఆ మంచం వైపు నీళ్ళు కార్చే అలవాటు మాత్రం మానుకో, ఆవిడ అసలే తెల్ల దుప్పటి తప్ప వాడదు.

ఇట్లు,
తలుపు పక్క పరుపు మనిషి