వెనక కోరల పాము ‘నమిలితేనే’ విషమా?

పాములంటే ఇష్టపడేవాళ్ల మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘వెనక కోరల పాములు అసలు విషపాములే కావు. కోరలు నోటి చివర ఉంటాయి కాబట్టి వేలు దొరకబుచ్చుకుని నమిలితే గానీ విషం ఎక్కదు. ఎక్కినా కందిరీగ కుట్టినంతే. గంట గడిచినా ఏమీ కాలేదంటే నిశ్చింతగా పడుకోవచ్చు. మరీ తేడాగా ఉంటే యాంటీవీనమ్ (విషానికి విరుగుడు మందు) ఎలాగూ ఉంది.’

ఇందులో కొంత నిజం ఉంది. అందుకే ఇంతమంది నమ్ముతున్నారు. వరసగా చూద్దాం.

‘విషపాములే కావు’

నాగుపాముకి, రక్తపింజరకి కోరలు నోటి ముందుభాగంలో ఉంటాయి. వాటి లోపల ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉంటుంది. వెనక కోరల పాముల్లో పై దవడ చివర కొన్ని పళ్లు కాస్త పెద్దగా పెరుగుతాయి, చాలావాటిలో ఆ పంటి మీద ఒక గాడి ఉంటుంది. విషం ఆ గాడి వెంట జారుతుంది. ఆ విషం వచ్చే గ్రంథిని డువెర్నోయ్ గ్రంథి అంటారు. పేరు వేరైనా అందులో తయారయ్యేది విషమే. నిజానికి పాము పిండంలో ముందు కోరలు కూడా దవడ వెనక భాగంలోనే మొలకెత్తి, ఎదిగే కొద్దీ ముందుకు చేరతాయని 2008లో తేలింది. ‘వెనక కోరలు’ అనే పేరు పన్ను ఎక్కడుందో చెబుతుంది, అంతే. విషం ఎంత ఘాటైనదో ఆ పేరులో లేదు.

‘నమిలితే గానీ ఎక్కదు’

ఎక్కువ జాతుల విషయంలో ఇది దాదాపు సరైనదే. డువెర్నోయ్ గ్రంథిలో విషం పెద్దగా నిల్వ ఉండదు, దాన్ని గట్టిగా పిండే కండరం కూడా సాధారణంగా ఉండదు. కాబట్టి పాము ఎంతసేపు పట్టుకుని ఉంటే అంత విషం దిగుతుంది. అయితే ‘ఎక్కువసేపు పట్టుకుంటే ఎక్కువ దిగుతుంది’ అనేది వేరు, ‘వెంటనే వదిలేస్తే అసలు దిగదు’ అనేది వేరు.

ఆఫ్రికా చెట్ల మీద ఉండే బూమ్‌స్లాంగ్‌నే తీసుకోండి. ఇదీ వెనక కోరల పామే. కానీ దాని కోరలు కంటికి దాదాపు కింద ఉంటాయి, నోరు చాలా వెడల్పుగా తెరుస్తుంది. దానికి నమలాల్సిన పని లేదు. జపాన్‌లోని యమకగాషి అయితే ఇంకా విచిత్రం. దాని వెనక పళ్ల మీద గాడి కూడా లేదు. చాలాకాలం అందరూ దాన్ని నిరపాయకరమైన పాముగానే లెక్కేశారు, దాని కాటుకు మనుషులు చనిపోయేదాకా.

‘కందిరీగ కుట్టినంతే’

ఏ పాము? ముందు అది చెప్పాలి కదా. మనం పసిరిక పాము అనే ఆకుపచ్చ తీగ పాము కాటు మామూలుగా కాస్త నొప్పి, వాపుతో సరిపోతుంది. పెంపుడు పాముగా పేరున్న హాగ్‌నోజ్ నిమిషాల తరబడి వేలు వదలకపోతే చెయ్యంతా వాచి బొబ్బలెక్కిన సందర్భాలున్నాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గిన కేసు కూడా వైద్యులు నమోదు చేశారు.

ఇక విషం ‘స్వల్పం’ అన్నప్పుడు ఎవరికి స్వల్పం అనేది కూడా అడగాలి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. గువామ్ దీవిలో అడవి పక్షుల్ని దాదాపు తుడిచిపెట్టేసిన గోధుమరంగు చెట్టుపాము విషంలో ఇర్డిటాక్సిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది పక్షుల్ని, బల్లుల్ని చంపుతుంది, ఎలుకల మీద మాత్రం పని చేయదు. అంటే ఆ విషం బలహీనమైనది కాదు, దాని గురి మన మీద లేదు. అయినా అదే దీవిలో నిద్రలో కాటు తిన్న పసిపిల్లలు ఊపిరి అందక ఇబ్బంది పడ్డారు. దక్షిణ అమెరికాలోని ఒక పెద్ద వెనక కోరల పాములో అయితే రెండు రకాల విషాలు దొరికాయి: ఒకటి బల్లులకు, మరొకటి క్షీరదాలకు. మనం ఏ జాబితాలోకి వస్తామో చెప్పక్కర్లేదు.

‘గంటలో ఏమీ కాకపోతే భయం లేదు’

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. దీన్ని నమ్మితే ప్రాణం పోతుంది.

కార్ల్ ష్మిట్ చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పాముల నిపుణుడు. 1957 సెప్టెంబరు 25న లింకన్ పార్క్ జూ వాళ్లు ఒక పామును గుర్తుపట్టమని పంపారు. రెండున్నర అడుగులుంటుంది, పిల్ల బూమ్‌స్లాంగ్. ఆయన చేత్తో పట్టుకుంటే ఎడమ బొటనవేలి మీద కరిచింది. దిగింది ఒకే ఒక్క కోర, అదీ సుమారు 3 మిల్లీమీటర్లు. ఆయన ఆస్పత్రికి వెళ్లకుండా, తనలో కనిపిస్తున్న లక్షణాలు రాసుకుంటూ ఇంటికెళ్లారు. ఆ రాత్రి వికారం, జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం. పొద్దున్నకి తేరుకున్నారు. టిఫిన్ చేశారు, మర్నాడు పనిలోకి వస్తానని మ్యూజియంకి ఫోన్ కూడా చేశారు. ఆ మధ్యాహ్నమే చనిపోయారు. మెదడులో, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం.

బూమ్‌స్లాంగ్ విషం రక్తాన్ని లోలోపల ఎక్కడికక్కడ గడ్డకట్టిస్తుంది. అలా గడ్డకట్టడానికి కావాల్సిన సరుకంతా ఖర్చయిపోయాక, ఇక రక్తం ఆగదు. ఆ సరుకు అయిపోవడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒక రోజు దాటుతుంది. అంతవరకు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఈ రకం కాటుకి గంట గడువు అనేదానికి అర్థమే లేదు. రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాలి, మళ్లీ మళ్లీ చేయించాలి.

‘యాంటీవీనమ్ ఎలాగూ ఉంది’

ఏ పాము విషంతో తయారు చేస్తే యాంటీవీనమ్ ప్రధానంగా దానికే పని చేస్తుంది. నాగుపాము, కట్లపాము లాంటివాటి కోసం చేసిన మందు వెనక కోరల పాము కాటుకు ఎక్కిస్తే లాభం లేకపోగా, ఆ మందుకే తీవ్రమైన అలెర్జీ వచ్చే ప్రమాదం ఉంటుంది. బూమ్‌స్లాంగ్‌కి విడిగా మందు ఉంది, అది దక్షిణాఫ్రికాలో తయారవుతుంది. దాని దగ్గరి చుట్టం ట్విగ్ స్నేక్‌కి అదీ లేదు.

ఆ ట్విగ్ స్నేక్‌ని జర్మనీకి చెందిన రాబర్ట్ మెర్టెన్స్ ఇంట్లో పెంచుకున్నారు. ఆయన కూడా పేరున్న పాముల శాస్త్రవేత్తే. 1975లో దానికి చేత్తో మేత పెడుతుంటే కరిచింది. 18 రోజులు పోరాడి చనిపోయారు. హాగ్‌నోజ్ పెంచేవాళ్లకు తగిలే కాట్లలో కూడా చాలావరకు ఇలా మేత వేళ జరిగేవే: వేళ్లకు ఎలుక వాసన అంటుకుని ఉంటే పాము వేలినే మేత అనుకుని పట్టుకుంటుంది, నమలడం మొదలుపెడుతుంది. పొడవాటి పట్టకారుతో మేత అందించి, పామును తాకే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటే ఆ కాట్లలో చాలావరకు తప్పిపోతాయి.