ఆస్తమాకు దమ్ము అని ఒక్క పేరు పెట్టేస్తే అయిపోతుందా?

మొన్న ఆదివారం మిర్యాలగూడలో మా మేనమామ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని పంపు (ఇన్‌హేలర్) పీలుస్తున్నాడు. పక్కింటాయన ఓదార్చడానికి వచ్చి, "దమ్మే గదా, కట్టెలతోనే పోతది. మా బాపుకు గూడ ఉండె" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాళ్ల బాపు యాభై ఏళ్లు బీడీలు తాగిన మనిషి, ఆయన ఊపిరితిత్తుల కథే వేరు. మామ బీడీ ముట్టలేదు.

మామకు చిన్నప్పుడు ఏ ఆయాసమూ లేదు. రైస్ మిల్లులో పని. నలభై దాటాక మొదలైంది. సాయంత్రానికి ఛాతీ పట్టేసేది, రాత్రంతా దగ్గు, పిల్లికూతలు. పెళ్లికో పండక్కో నాలుగు రోజులు ఊరికి పోతే హాయిగా ఉండేవాడు. మా అత్త అప్పుడే పసిగట్టింది: "మిల్లుకు పోతెనే నీకు వస్తది, ఊర్ల ఉంటె మంచిగుంటవ్" అని. ముగ్గురు డాక్టర్లు మారారు. ఒకరు ఇస్నోఫీలియా అన్నారు, ఒకరు వాతావరణం పడలేదన్నారు. "ఏం పని చేస్తవ్?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు!

ధాన్యం దుమ్ము, పిండిమర దుమ్ము, కొన్ని రసాయనాలు ఏళ్ల తరబడి పీలిస్తే పెద్దయ్యాక కూడా ఆస్తమా వస్తుంది. దీని భవిష్యత్తు చాలావరకు ఎంత తొందరగా ఆ దుమ్ముకు దూరమయ్యాం అన్నదాని మీదే ఉంటుంది. మొదట్లోనే తప్పుకుంటే కొందరికి పూర్తిగా పోతుంది. ఆలస్యమైతే పని మానేసినా పోకపోవచ్చు. మామ తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాడు, నిరుడు మానేశాడు. దుమ్ము పోయింది, దమ్ము పోలేదు. మానెయ్యమని చెప్పడం మనకు తేలికే, ఇల్లు గడవాలి కదా. కనీసం కాంటా దగ్గరికి మార్పించుకోమని చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

నాది ఇంకో రకం. చిన్నప్పుడే వచ్చింది, ఇంటర్‌లో మాయమైంది, ముప్ఫై దాటాక పాత బొంతలు దులుపుతుంటే మళ్లీ తగులుకుంది. అలర్జీతో వచ్చే ఈ రకం చాలామందిలో రోజూ తక్కువ మోతాదు స్టెరాయిడ్ పంపుతో అదుపులో ఉంటుంది. పూర్తిగా పోయిందని నేననను, కానీ పొద్దున నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నా.

జడ్చర్లలో ఉండే మా అక్కది మరీ మొండిది. నలభై ఐదేళ్లకు వచ్చింది, ముక్కులో కండ పెరిగింది, వాసన తెలియదు. ఒళ్లు నొప్పుల గోళీ వేసుకుంటే ఆయాసం ముంచుకొస్తుంది. రక్తంలో ఇస్నోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువ. మాటిమాటికీ స్టెరాయిడ్ గోళీలు మింగి షుగర్ తెచ్చుకుంది. ఇలాంటి వాళ్లకు ఇప్పుడు నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో వేసే కొత్త సూదిమందులున్నాయి. ధర వింటేనే దమ్ము వచ్చేలా ఉంది, అది వేరే సంగతి.

ముగ్గురం ఒకే ఇంటివాళ్లం, ముగ్గురికీ మూడు దారులు. మమ్మల్ని ఒకే గాటన కట్టి "జీవితాంతం ఉంటది" అనేవాళ్ల మీదా, "ఆరు నెలల్లో మాయం చేస్తం" అనేవాళ్ల మీదా నాకు సమానంగా కోపం.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు పోయి మామ మూడేళ్లు చేప మందు మింగాడు. నమ్మకం ఆయనది, నేను నవ్వను. కానీ ఆ నెలల్లో రోజువారీ పంపు పక్కన పెట్టి, ఊపిరాడనప్పుడు మాత్రం నీలం పంపు కొట్టుకుంటూ గడిపాడు. నీలం పంపు అప్పటికి ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, లోపలి వాపును తగ్గించదు. ఒక్క దానితోనే నెట్టుకురావద్దని ప్రపంచ స్థాయి ఆస్తమా నిపుణుల బృందం 2019లోనే చెప్పింది. మన దగ్గర మెడికల్ షాపుల్లో మాత్రం ఇప్పటికీ "ఆయాసం పంపు" అంటే నీలమే ఇస్తారు.

వచ్చే వారం మామను నల్గొండ తీసుకుపోయి ఊదుడు పరీక్ష చేయిస్తున్నా. అత్త పాత చీటీలన్నీ సంచిలో సర్దింది. మిల్లులో చేరిన సంవత్సరం, దగ్గు మొదలైన నెల ఒక కాగితం మీద రాసి అన్నిటికంటే పైన పెట్టింది, ఎవరూ అడక్కపోయినా చూపిస్తానని.