డీవీడీ రీజియన్ కోడ్ 1 గారికి బరంపురం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రీజియన్ కోడ్ 1 గారికి,

బరంపురం నుంచి నమస్కారాలు. ఏ డీవీడీ ఏ దేశాల్లో ఆడాలో చెప్పే మీ లెక్కలో మాది రీజియన్ 5 అన్నమాట. అమెరికా, కెనడా మీవి, మమ్మల్నేమో రష్యాతో, ఆఫ్రికాతో కలిపి ఒకే గాటన కట్టేశారు.

విషయం ఏటంటే, మా మేనత్త కొడుకు అమెరికా నుంచి వస్తూ "బావా, నీకు పాత డిటెక్టివ్ సినిమాలంటే పిచ్చి కదా" అని ద థిన్ మ్యాన్ డీవీడీ పట్టుకొచ్చాడు. 1934 నాటి బ్లాక్ అండ్ వైట్, విలియం పవెల్, మిర్నా లాయ్ మొగుడూ పెళ్ళాలు, వాళ్ళకో కుక్క, మధ్యలో హత్యలు, వీటన్నిటి మీదా బోలెడు కామెడీ. భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుంటే స్క్రీన్ మీద మీరొచ్చారు, ఈ డిస్క్ ఇక్కడ ఆడదు అని. మా అమ్మ అదే పేర్లు పడటం అనుకుని కళ్ళజోడు తుడుచుకుంది పాపం.

మిమ్మల్ని ఎందుకు పుట్టించారో నాకు తెలుసండి. అమెరికాలో సినిమా డిస్క్ వచ్చేసరికి వేరే దేశాల్లో అది ఇంకా హాల్లోకి రాకపోవచ్చు, ఆ డిస్క్ గానీ ఇటొచ్చేస్తే టికెట్లు తెగవని భయపడి 1990ల్లో ప్రపంచాన్ని ముక్కలు చేసి మిమ్మల్ని కాపలా పెట్టారు. బాగానే ఉంది. మరి 1934 సినిమాకి కాపలా ఏటండీ? బరంపురంలో ఏ హాల్లో రిలీజ్ పెట్టుకున్నారు? పోస్టర్ ఎక్కడ?

అసలు ఆ సినిమా వచ్చేనాటికి ఒడిశా రాష్ట్రమే లేదు తెలుసా. మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936 ఏప్రిల్ 1న కొత్త ప్రావిన్సు పెట్టి మమ్మల్ని ఇటు వేశారు. అప్పట్నుంచి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పెళ్ళి సంబంధాలు ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో. పొద్దున్న బస్సెక్కి గీత దాటి పెళ్ళి భోజనం చేసి సాయంత్రానికి ఇంట్లో ఉంటాం, ఎవడూ ఆపడు. గవర్నమెంట్లు గీసిన గీతకే లేని పట్టుదల మీకెందుకండీ? మా అత్త పట్టుకెళ్ళిన బరంపురం అప్పడాలు అమెరికా నూనెలో ఇక్కడిలాగే పొంగాయి, మాది రీజియన్ 5 అని ఒక్కటీ ముడుచుకోలేదు.

ల్యాప్‌టాప్‌లో పెడితే ఇంకా ఘోరం. రీజియన్ మార్చుకోవచ్చుగానీ ఐదేసార్లట, ఆ తర్వాత డ్రైవ్ ఎక్కడ ఆగితే జన్మంతా అక్కడేనట. పౌరసత్వానికి కూడా ఇంత బెదిరింపు ఉండదేమో.

ఇందులో ఇంకో తమాషా, దొంగ కాపీ కొట్టేవాడు ముందు తీసి పారేసేది మిమ్మల్నే. అంటే మీరు పట్టుకునేది ఒరిజినల్ డిస్క్ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణే. మా ఇంట్లో ఉన్న ఖరీదైన కంపెనీ ప్లేయర్ మీ మాట తు.చ. తప్పకుండా వింది, పక్కింటి మామయ్య సంతలో బేరమాడి కొన్న పేరూ ఊరూ లేని ప్లేయర్ మాత్రం మిమ్మల్ని పట్టించుకోకుండా సినిమా మొత్తం ఆడేసింది. చదువుకున్నవాడికే కదా రూల్సు.

సినిమా మాత్రం అదిరిందండి. 1933 డిసెంబర్లో అక్కడ మద్యనిషేధం ఎత్తేశారు కదా, ఆ కరువంతా వీళ్ళిద్దరే తీర్చుకున్నట్టు గ్లాసు కింద పెట్టరు, మా నాన్నయితే "హంతకుడి సంగతి తర్వాత, ముందు వీళ్ళకి ఎవరైనా ఇంత అన్నం పెట్టండ్రా" అన్నారు. చివర్లో హీరో అనుమానితులందర్నీ డిన్నర్‌కి పిలుస్తాడు, వెయిటర్ల వేషంలో పోలీసులు, అందరి ముందు ప్లేట్లు, ఎవడికీ తిండి దిగదు. హంతకుడెవరో చెప్పను, చూడండి. అయినా చూడనివ్వని మీకు చెప్పడమేంటి.

దీనికి ఇంకో ఐదు సీక్వెల్స్ ఉన్నాయి, 1947 దాకా తీశారు. వచ్చే సంక్రాంతికి అవన్నీ తెస్తానన్నాడు మా వాడు. వాటితో మీరూ వస్తారు కాబట్టి ముందే చెప్తున్నా, తిన్నగా పక్కింటికి వచ్చేయండి, మామయ్య ప్లేయర్ అక్కడే ఉంటుంది.

ఇట్లు,
మీ అనుమానితుడు