నెలకు 75 రూపాయల అవకతవక

ఫెలోషిప్పులు, పరిశోధక వేతనాలు ఎవరికి ఇవ్వాలన్న విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. ఎంపిక సంఘాల్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. దరఖాస్తుకు జతపరచిన నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉందా, సంతకం పక్కన ముద్ర ఉందా, ముద్రలో పేరు చదవడానికి వీలుగా పడిందా అని పరిశీలించడంలోనే నా చూపు సన్నగిల్లింది. ఆ అధికారంతోనే, 1913లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక తీవ్రమైన అవకతవకను పాఠకుల దృష్టికి తెస్తున్నాను. నూట పదేళ్లు దాటినా దీని మీద ఎవరూ సంజాయిషీ అడిగినట్టు నేను వినలేదు. పైగా ఆ పని చేసినందుకు విశ్వవిద్యాలయాన్ని మెచ్చుకునేవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు.

వ్యవహారం ఇదీ. మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల విభాగంలో నెలకు 30 రూపాయల జీతం మీద పనిచేస్తున్న ఎస్. రామానుజన్ అనే గుమాస్తాకు, గణితంలో పరిశోధన చేసుకొమ్మని, నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్లకు వేతనం మంజూరైంది. పరిశోధక వేతనానికి ఎం.ఏ. ఉండి తీరాలన్నది అప్పటి నిబంధన. సదరు అభ్యర్థికి ఎం.ఏ. లేదు, బి.ఏ. లేదు, ఆఖరికి ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ లాంటిది) కూడా లేదు. పోనీ పరీక్షకు కూర్చోలేదా అంటే, కూర్చున్నాడు, తప్పాడు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తప్పాడు. అంటే ఈయనకు అర్హత లేదన్న సంగతి విశ్వవిద్యాలయానికి బయటివాళ్లెవరో వచ్చి చెప్పవలసిన అవసరం లేదు, ఆ సంగతి రెండుసార్లు తానే పరీక్ష పెట్టి మరీ తేల్చుకుంది.

వెనకటి రికార్డు కూడా చెప్పుకోదగ్గది కాదు. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరినప్పుడు ఆయనకు ఒక స్కాలర్‌షిప్పు ఉండేది. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పడంతో ఊడింది. లెక్కల్లో మునిగిపోయి తక్కిన సబ్జెక్టులను గాలికి వదిలేసిన విద్యార్థికి డబ్బు ఆపేయడం ఎంత ఆరోగ్యకరమైన పద్ధతో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బకు కుర్రవాడు 1905 ఆగస్టులో ఇంట్లో మాటైనా చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయాడు. (ఈ ముక్క పట్టుకుని మనవాళ్లెవరైనా బీచ్ రోడ్డులో విగ్రహానికి స్థలం అడిగేలోపే మనవి చేస్తున్నాను: అది తీర్థయాత్ర కాదు, ఫీజు కట్టే దారి లేక పారిపోవడం.) తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరితే శరీరశాస్త్రం అడ్డం తగిలింది. జీర్ణక్రియ మీద ప్రశ్నకు, ఆ అధ్యాయంలో తనకు జీర్ణం కానిది ఇదేనని, మన్నించమని రాసిచ్చాడని చెబుతారు. జవాబు పత్రంలో చమత్కారానికి మార్కులు కేటాయించిన విశ్వవిద్యాలయం నాకు తెలిసి ఎక్కడా లేదు.

ఈ అక్రమానికి పునాది పడింది మన నెల్లూరులో అని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అప్పటి జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారి ముందుకు 1910 చివర్లో, మాసిన గడ్డంతో, చంకలో నోటు పుస్తకంతో ఈ మనిషి వచ్చి నిలబడ్డాడు. ఏం కావాలని అడిగితే, తాను పాటుపడకుండా ఇంత తిండి దొరికి, లెక్కల గురించి కలలు కంటూ కూర్చునే తీరిక ఉంటే చాలని తేలింది. ఇటువంటి కోరికను ఏ దరఖాస్తు ఫారంలోనైనా ‘పథకం ఉద్దేశాలు, ఆశించే ఫలితాలు’ అన్న గడిలో రాసి చూడండి. కలెక్టరు గారు మాత్రం ఫారమూ లేదు, ఇంటర్వ్యూ బోర్డూ లేదు, నెలకు 25 రూపాయలు తన జేబులోంచి పంపడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఒకరి సొమ్ము తింటూ ఎన్నాళ్లని అభ్యర్థికే మొహమాటం వేసి, 1912 మార్చిలో పోర్టు ట్రస్టులో చేరాడు. ఆ వ్యవహారం మొత్తం మీద నియమబద్ధంగా నడుచుకున్నది ఆయన ఒక్కడే.

ఇక సిఫారసుల సంగతి. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో అభ్యర్థి తన వయసు సుమారు 23 అని రాశాడు. 1887 డిసెంబరులో పుట్టినవాడికి అప్పటికి 25 నిండాయి. వయసు ధ్రువీకరణ పత్రం లేకుండా దరఖాస్తు తీసుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. మద్రాసుకు వచ్చి, పోర్టు ట్రస్టులో ఆ నోటు పుస్తకం తిరగేసి, విశ్వవిద్యాలయానికి సిఫారసు ఉత్తరం రాసిన గిల్బర్ట్ వాకర్ ఎవరయ్యా అంటే, వాతావరణ శాఖకు అధిపతి. ఆయన స్వతహాగా కేంబ్రిడ్జి గణితవేత్తే కావచ్చు, కానీ ఉద్యోగ రీత్యా చూడవలసింది వానల సంగతి. బతుకుతెరువు బెంగ లేకుండా కొన్నేళ్లపాటు ఈ మనిషి తన కాలమంతా గణితానికే వెచ్చించేలా చేయడం సమంజసమని ఆయన రాశాడు. బెంగ తీసేస్తే ఫెలోషిప్పులో ఇక మిగిలేదేమిటి? మా నడవాలో బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెడితే తప్ప అభ్యర్థికి విద్య పట్ల ఉన్న నిజమైన ఆసక్తి బయటపడదని మా సంఘం ఏనాడో గ్రహించింది.

మార్చిలో గణిత పాఠ్య మండలి సమావేశమైంది. ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు బి. హనుమంతరావు గారు, పోర్టు ట్రస్టు మేనేజరు నారాయణ అయ్యరును కూడా రమ్మని పిలిచారు. ఈ కుర్రవాడి లెక్కలను ఆ కుర్రవాడి కంటే అయ్యరు గారే మండలికి బాగా విడమరచి చెప్పగలరన్నది కారణం. దరఖాస్తుదారు చేసినది దరఖాస్తుదారు చెప్పలేకపోతే మా దగ్గర తిరస్కరిస్తారు. అక్కడ చెప్పేవాణ్ని వెతికి తెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో విషయం విశ్వవిద్యాలయాన్ని నడిపే సిండికేటుకు వెళ్లింది. ఎం.ఏ. నిబంధన సంగతేమిటని సరైన ప్రశ్న ఒకటి లేచింది. అప్పుడు సభలో ఉన్న ఒక హైకోర్టు న్యాయమూర్తి, విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన చట్టం పీఠికలో, పరిశోధనను ప్రోత్సహించడం కూడా దాని పనుల్లో ఒకటని రాసి ఉంది కదా అన్నాడట. అంతే, మంజూరైపోయింది. పీఠికలు చదవడానికి ఉద్దేశించినవి కావు. విశ్వవిద్యాలయం ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటూ కూర్చుంటే ఏ విశ్వవిద్యాలయమైనా పని చేయగలదా?

ఆ రోజుల్లోనే పద్ధతిగా నడిచిన పథకం లేకపోలేదు. 1902లో చనిపోయిన సెసిల్ రోడ్స్, వజ్రాల గనుల్లో గడించిన సొమ్ముతో ఆక్స్‌ఫర్డులో చదివేవారికి స్కాలర్‌షిప్పులు ఏర్పాటు చేస్తూ, తన వీలునామాలో మార్కుల పట్టిక కూడా ఇచ్చాడు. పదింట మూడు వంతులు చదువుకు, రెండు క్రికెట్టు, ఫుట్‌బాలు వంటి ఆటలకు, మూడు పౌరుషం, సత్యం, ధైర్యం, దయ మొదలైన గుణాలకు, రెండు నాయకత్వానికి. చదువుకు పరీక్ష పెట్టాలి, నాయకత్వానికి హెడ్‌మాస్టరు మార్కులు వేయాలి, ఆటలకూ దయాగుణానికీ మాత్రం తోటి విద్యార్థులు ఓట్లు వేయాలి. దయను పదింట వంతుల్లో కొలిచి, బ్యాలట్ పెట్టెలో లెక్కించిన ఈ బుద్ధి సూక్ష్మతకు నేను ఇప్పటికీ చేతులెత్తి నమస్కరిస్తాను. ఒట్టి పుస్తకాల పురుగులు రాకూడదని కూడా రాశాడు. ఆడవాళ్లకు 1977 దాకా ప్రవేశం లేదు. స్కాలర్‌షిప్పులు కేటాయించిన దేశాల తొలి జాబితాలో భారతదేశమే లేదు. ఇంగ్లండు, అమెరికా, జర్మనీల మధ్య సఖ్యత ఉంటే యుద్ధమే రాదన్న నమ్మకంతో జర్మన్లకూ కొన్ని కేటాయించాడు. 1914లో ఏమైందో మనకు తెలుసు గాని, మార్కుల పట్టికలో మాత్రం తప్పు పట్టలేం. ఆ పట్టిక ప్రకారం మన గుమాస్తాకు క్రికెట్టు దగ్గరే సున్నా పడేది, ఈ గొడవంతా తప్పేది.

నేను పద్ధతి తప్పనివాణ్నని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఒకసారి ఒక తోలుబొమ్మలాట కళాకారుడు ఫెలోషిప్పు కోసం మా ముందుకు వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ గురువు నుంచి, లెటర్‌హెడ్ మీద, ధ్రువపత్రం కావాలన్నాం. గురువు తన తండ్రేనని, పోయి ఇరవై ఏళ్లయిందని, లెటర్‌హెడ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదని అన్నాడు. తరువాత మూట విప్పి ఒక హనుమంతుణ్ని తీసి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాడు. మేకతోలు ఎర్రగా వెలిగి, తోకకు పొడిచిన చిన్న చిన్న చిల్లుల్లోంచి బల్ల మీది ఫైళ్ల మీద వెలుగు చుక్కలు పడ్డాయి. జతపరచవలసిన పత్రాల జాబితాలో బొమ్మ లేదు కనుక లోపల పెట్టెయ్యమని చెప్పాం.

న్యాయంగా మాట్లాడాలి గనుక, మద్రాసువారు ఒక్క పని సక్రమంగా చేశారని ఒప్పుకుంటాను. మూడు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలన్నారు. కాగితం ఖరీదని పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపి, తేలిన ఫలితం మాత్రమే నోటు పుస్తకంలోకి ఎక్కించే ఈ మనిషి మూడు నివేదికలూ సమర్పించాడు. నేడు ఆయన పేరుతోనే ‘మాస్టర్ థీరమ్’ అని పిలుచుకునే గణిత సిద్ధాంతం వాటిలోనిదే. ఆ నివేదికల అసలు ప్రతులు తరువాత పోయాయి. 1925లో ఒకరు చేతితో రాసి పెట్టుకున్న నకలు మిగిలింది. నివేదిక తీసుకుని పోగొట్టడంలోనైనా విశ్వవిద్యాలయం మా అందరి సంప్రదాయాన్ని పాటించినందుకు నాకు సంతోషం.

1914లో అదే విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్లు ఇచ్చి ఇంగ్లండు పంపింది. అక్కడ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల కొంతకాలం మా బాటలోనే నడిచింది. 1917లో ఫెలోషిప్పుకు పేరు వస్తే తోసిపుచ్చింది. నల్లవాణ్ని ఫెలోగా ఒప్పుకోనని ఒకాయన అన్నాడని అక్కడి గణితవేత్త లిటిల్‌వుడ్ తరువాత చెప్పాడు. 1918లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ తన ఫెలోగా ఎన్నుకున్నాక మాత్రం, ఆ అక్టోబరులో ట్రినిటీ కూడా ఏ షరతులూ లేకుండా ఫెలోషిప్పు ఇచ్చింది. అది చూసి మద్రాసువారు మళ్లీ ఏడాదికి 250 పౌన్లు ప్రకటించారు.

దానికి జవాబుగా 1919 జనవరి 11న రామానుజన్ రిజిస్ట్రారుకు రాసిన ఉత్తరమే నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. మీరిచ్చే మొత్తం నా అవసరాలకు మించినదని, నా తల్లిదండ్రులకు ఏడాదికి 50 పౌన్లు చెల్లించి, ఇక్కడి ఖర్చులు పోను మిగిలినది పేద పిల్లలకు, అనాథలకు బడి ఫీజులకూ పుస్తకాలకూ వాడమని, తాను తిరిగి వచ్చాక ఆ ఏర్పాటు చూడవచ్చని అందులో రాశాడు. ఆ తరువాత ఏడాది ఏప్రిల్‌లో ఆయన పోయాడు. నేను మా ఫారాలన్నీ తీయించి చూశాను. ‘ఇంకా ఎంత కావాలి’ అన్న గడి ఉంది, ‘ఆలస్యానికి కారణాలు’ అన్న గడి ఉంది. ఇచ్చినది ఎక్కువైందని అభ్యర్థే రాస్తే దాన్ని ఏ పద్దు కింద జమకట్టాలో మా నియమావళిలో లేదు. పై విషయమై స్పష్టత కోరుతూ నోటు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.