చదివిన బయాలజీ ఒంటబట్టిందా?

మొన్న ఆదివారం పొద్దున్నే అమ్మకి విరేచనాలు పట్టుకున్నాయి. ముందురోజు రాత్రి పెళ్లి భోజనం. పనసపొట్టు కూర, రెండు రకాల స్వీట్లు, చివర్లో ఐస్‌క్రీమ్. పదకొండింటికల్లా మంచం మీద వాలిపోయింది. ఒకటే మాట: "ఓ సెలైన్ పెట్టించవే. కాళ్లు లాగేస్తున్నాయి, ఒంట్లో ఓపిక లేదు."

డాక్టరుగారికి ఫోన్ చేశాను. వాంతుల్లేవు, జ్వరం లేదు, మూత్రం వస్తోంది, తాగింది నిలుస్తోంది అని చెప్పాను. ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉండండి, సాయంత్రానికి తగ్గకపోతే తీసుకురండి అన్నారు. ఆ ప్యాకెట్టు వంక అమ్మ చూసిన చూపు మీరు చూడాలి. కూతురు డబ్బులకి కక్కుర్తి పడి పొడి నీళ్లతో సరిపెట్టేస్తోందన్నట్టు.

ఇంట్లో మా అన్నయ్య కొడుకు ఉన్నాడు. నీట్ లాంగ్‌టర్మ్. మాక్ టెస్టుల్లో బయాలజీకి 360కి 330 తగ్గవు. మొత్తం పేపరు 720 అయితే అందులో సగం బయాలజీయే కాబట్టి ఇంట్లో వాడికి ఆ మాత్రం గౌరవం ఉంది. వాణ్ని అడిగాను.

"ఒరేయ్, చిన్నపేగులో గ్లూకోజ్ లోపలికి ఎలా వెళ్తుంది?"

ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "సోడియంతో కో-ట్రాన్స్‌పోర్ట్ అత్తా. సెకండరీ యాక్టివ్. ఎస్‌జీఎల్‌టీ వన్."

"అయితే ఇప్పుడు నానమ్మకి ఏం తాగించాలి?"

అప్పుడు తల ఎత్తాడు. కాసేపు ఆలోచించి, "సెలైన్ పెట్టించేద్దామా?" అన్నాడు.

నాకు కోపం వాడి మీద రాలేదు. నేను 14 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తున్నాను. వాడిలాంటి వాళ్లని తయారుచేసే పనిలో నా చెయ్యీ ఉంది. ఎస్‌జీఎల్‌టీ వన్ అని చెప్పిన నోటితోనే సెలైన్ అన్నాడంటే, పుస్తకంలో చదివిన పేగూ, నానమ్మ కడుపులో ఉన్న పేగూ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదన్నమాట.

తెలుగులో ఒక మంచి మాట ఉంది. ఒంటబట్టడం. తిన్నది ఒంటబట్టాలి అంటాం, చదువు ఒంటబట్టలేదు అంటాం. పేగు చేసే పనికి ఇంతకంటే మంచి పేరు పుస్తకంలో కూడా లేదు. మన బీపీసీ చదువు మాత్రం ఇంత తిని అంత బయటికి పోయే బాపతు.

అసలు మన ఇళ్లల్లో ఒంటి గురించి మాట్లాడుకునే భాష వేరు. వేడి చేసింది, పైత్యం, వాతం, గ్యాస్ పట్టేసింది, నరాల వీక్‌నెస్, రక్తం పట్టట్లేదు. క్లాసులో భాష వేరు. ఇంగ్లీషు మీడియంలో ఆస్మోసిస్, మా కాలం తెలుగు మీడియంలో ద్రవాభిసరణం. రెండోది తెలుగే అయినా అమ్మకి మొదటిదెంతో అదీ అంతే. ఈ రెండు భాషలూ ఎక్కడా ఎదురుపడవు. ప్రశ్న నాలుగు ఆప్షన్లతో వస్తే పిల్లలు టక్కున పట్టేస్తారు. అదే ప్రశ్న "కాళ్లు లాగేస్తున్నాయే" అని మంచం మీంచి వస్తే, అది సిలబస్‌లోదేనని గుర్తుపట్టరు.

అమ్మకి ద్రవాభిసరణం తెలీదా? ఏటా మాగాయ పెడుతుంది. మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వేస్తే మూడో రోజుకి ఊట దిగుతుంది. ముక్క వడిలి తోలులా అవుతుంది. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికొస్తుంది, ఇంతే ద్రవాభిసరణం. ఆ ఉప్పులో సూక్ష్మజీవులకీ అదే గతి, వాటి నీరూ లాగేస్తుంది కాబట్టే పచ్చడి ఏడాది నిలవుంటుంది. తడి గరిటె పెడితే అక్కడ ఉప్పు పలచబడి బూజు వస్తుంది. మేం చిన్నప్పుడు తడి గరిటె పెట్టామని వీపు మీద ఒక్కటి వేసేది. నాకు తెలిసి మైక్రోబయాలజీలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

అందుకని అమ్మ పక్కన కూర్చుని మాగాయతోనే మొదలుపెట్టాను. నెత్తుట్లో ఎర్రకణాలు మామిడి ముక్కల్లాంటివే. నరంలోకి ఉత్త నీళ్లు ఎక్కిస్తే అవి నీరు పట్టి ఉబ్బి పగిలిపోతాయి. బాగా ఉప్పునీళ్లు ఎక్కిస్తే మాగాయ ముక్కల్లా వడిలిపోతాయి. రెండూ కాకుండా సరిగ్గా నెత్తురుతో సమానంగా ఉండేలా కలిపిన ఉప్పునీళ్లే సెలైన్. నూటికి 0.9 వంతు ఉప్పు, అంటే లీటరుకి 9 గ్రాములు. నువ్వు బలం బలం అంటున్న అర లీటరు సీసాలో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు.

"మరి గ్లూకోజ్ సీసానో?" అంది. లాయరైతే బాగుండేది మా అమ్మ.

సరే, గ్లూకోజ్ సీసా లెక్క కూడా చూద్దాం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో 25 గ్రాముల చక్కెర. దాన్నుంచి వచ్చే శక్తి వంద క్యాలరీల లోపు. రెండు ఇడ్లీలు. రెండు ఇడ్లీల కోసం నరంలో సూది గుచ్చుకుని, రెండు గంటలు పడుకుని, అన్ని డబ్బులు ఇచ్చి వస్తున్నాం. ఇడ్లీలైతే చట్నీ కూడా వస్తుంది.

కొన్నిచోట్ల సీసాలో బీ-కాంప్లెక్స్ కలుపుతారు. నీళ్లు పసుపు పచ్చగా మారగానే చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు వెలుగుతాయి, "మంచి మందు పడింది" అని. ఆ రంగు చాలావరకు బీ-2 విటమిన్‌ది. ఒంటికి కావలసినంత ఉంచుకుని మిగిలింది మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మర్నాడు పొద్దున బాత్రూమ్‌లో కనిపించే ముదురు పసుపు అదే. వందలు పోసి కొన్న బలం అలా పోతుంటే మనం "వేడి చేసింది" అనుకుని మజ్జిగ తాగుతాం.

మరి సెలైన్ పెట్టించుకున్నాక తేలికగా ఎందుకుంటుంది? ఒంట్లో నీరు నిజంగా తగ్గి ఉంటే అది భర్తీ అవుతుంది, నిజమే. దానికి తోడు రెండు గంటలు ఫ్యాను కింద పడుకుంటాం, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడతారు, జ్వరం తగ్గే ఇంజెక్షన్ ఏదో ఒకటి అందులో పడే ఉంటుంది. వైరల్ జ్వరమైతే మూడు నాలుగు రోజుల్లో దానంతటదే దిగే సమయానికే మనం ఆసుపత్రికి వెళ్తాం కాబట్టి ఖ్యాతి సీసాకి దక్కుతుంది.

సెలైన్ అక్కర్లేదని ఎవరూ తప్పుగా అర్థం చేసుకోవద్దు. తాగింది నిలవనప్పుడు, మనిషి మగతగా ఉన్నప్పుడు, బీపీ పడిపోయినప్పుడు, డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు కారిపోతున్నప్పుడు ఆ సీసాయే ప్రాణం. డెంగీ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మనవాళ్లు ప్లేట్‌లెట్ల సంఖ్యని క్రికెట్ స్కోరులా పూటపూటకీ ఫోన్లలో చెప్పుకుంటారు గానీ, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్‌ని అడిగిన బంధువుని నేనింతవరకు చూళ్లేదు. మరో సంగతి, గుండె, కిడ్నీలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకి అవసరం లేకుండా సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. "బలానికి ఒకటి" అనేంత అమాయకమైన వస్తువేమీ కాదు.

ఇప్పుడు ఆ పొడి ప్యాకెట్టు కథ. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తున్నప్పుడు బెంగాల్లోని బన్‌గావ్ దగ్గర శరణార్థుల్లో కలరా చెలరేగింది. దిలీప్ మహాలనబిస్ అనే డాక్టరు అక్కడున్నారు. జనం నేల మీద పడి ఉన్నారు, సెలైన్ అయిపోతోంది. ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా తూకం ప్రకారం కలిపించి, నీళ్లలో వేసి, రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. నూటికి 30 మంది దాకా పోతున్న చోట చావులు నూటికి నాలుగు లోపుకి దిగాయి. కలరా విషం పేగు గోడలో క్లోరైడ్ తలుపులు బార్లా తెరిచేస్తుంది, ఉప్పూ దాని వెనకే నీరూ బయటికి పోతాయి. కానీ సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికొచ్చే తలుపుని అది ముట్టుకోదు. ఆ రెండూ లోపలికొస్తే నీరు వాటి వెంటే వస్తుంది. మావాడు తల ఎత్తకుండా చెప్పిన ఎస్‌జీఎల్‌టీ వన్ అంటే ఆ తలుపే. లోకంలో కోట్లమంది పిల్లల్ని బతికించిన తలుపు వాడికి నాలుగు మార్కుల బిట్టు. మహాలనబిస్ 2022లో పోయారు. ఆ మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

అందులో తూకమే ప్రాణం. లీటరు నీళ్లకి కలపాల్సిన పెద్ద ప్యాకెట్టుని గ్లాసులో కలిపి "చిక్కగా ఉంటే బలం" అని ఇస్తారు చాలామంది. మళ్లీ మాగాయే. పేగులో చిక్కటి ద్రవం ఉంటే ఒంట్లో నీరే పేగులోకి ఊటలా దిగి విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్‌ఎస్ పేరుతో దుకాణాల్లో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలతోనూ ఇదే గొడవ. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదంది. ఇన్నేళ్లలో బయాలజీ చదివిన తల్లిదండ్రులు లక్షల్లో ఉన్నారు. డబ్బా తిప్పి చక్కెర ఎంతో చదివినవాళ్లు ఎంతమంది? నేనూ చదవలేదు. మా అబ్బాయికి ఒకసారి అదే పట్టించాను. పద్నాలుగేళ్ల సర్వీసు.

జలుబుకి అజిత్రోమైసిన్ మింగేవాళ్ల గురించి మొదలుపెడితే ఈ పోస్టు ఇవాళ్టికి తెమలదు. జలుబు తెచ్చేది వైరస్. ఆ మందు పట్టుకునేది బ్యాక్టీరియా రైబోజోమ్‌ని, అంటే దాని ప్రోటీన్లు తయారుచేసే యంత్రాన్ని. వైరస్‌కి రైబోజోమే లేదు. దొంగ గోడ దూకి వెళ్తుంటే వాకిట్లో పెరుగుకుండ పగలగొట్టినట్టు, పోయేది కడుపులో మంచి బ్యాక్టీరియానే. చాలు.

ఇంకొకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. మా దగ్గరి బంధువుల్లో ఒకమ్మాయి డిగ్రీలో బీజెడ్‌సీ. మేనమామకే ఇచ్చారు. మొదటి బాబుకి తలసేమియా, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు, మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లు, అంటే జబ్బు పడకుండానే ఆ లోపమున్న జన్యువుని మోసేవాళ్లు. ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, ఆ పిల్లకి మాత్రం చిన్నప్పట్నుంచీ "కొంచెం రక్తం తక్కువ" అని ఐరన్ మాత్రలు మింగించారు. క్యారియరో కాదో చెప్పే హీమోగ్లోబిన్ ఏ-2 పరీక్ష ఒకసారి చేయించి ఉంటే పెళ్లికి ముందే తెలిసేది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ అమ్మాయే నాతో అంది: "నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు కదా అక్కా, ఆ ఒక్కడూ వచ్చేశాడు. ఇంక రాదుగా."

తల్లిదండ్రుల జన్యువులు పిల్లలకి ఎలా వస్తాయో లెక్కగట్టే పన్నెట్ గళ్లు గీసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్ల ఆమె. నేను గవ్వలాట చెప్పాను. కిందటి పందెంలో ఏం పడిందో గవ్వలకి గుర్తుంటుందా? ప్రతి కాన్పుకీ గవ్వలు కొత్తగా పడతాయి, ప్రతిసారీ నాలుగింట ఒకటే. ఫోన్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెళ్లి మూడో నెలలో చేసే పరీక్ష చేయించుకుంది. ఆ పాప బాగుంది. పాప పుట్టిందని అత్తగారు మూతి ముడిచారనేది వేరే కథ. వై క్రోమోజోమ్ ఇవ్వాల్సింది ఆవిడ కొడుకు.

మేనరికాల మీద ఎవరు నోరెత్తినా "మా అమ్మానాన్నలదీ మేనరికమే, మేం బాగానే ఉన్నాంగా" అంటారు. ఉంటారు, ఎక్కువమంది బాగానే ఉంటారు. మామూలు పెళ్లిళ్లలో నూరు మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఉండే పుట్టుక లోపాలు బావామరదళ్ల పెళ్లిళ్లలో సుమారు రెట్టింపవుతాయి, మేనమామైతే రక్తం ఇంకా దగ్గర. లెక్క చెప్పి, పరీక్షలు చేయించుకోమని అడగడం కూడా తప్పా?

మా పక్క భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నయ్య స్ప్రూ అనే జబ్బుతో పోయాడు. తిన్నది ఒంటబట్టని పేగుల జబ్బు అది. సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ మీదా, తర్వాత ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మీదా పనిచేశారు. స్ప్రూ వచ్చినవాళ్లకి ఆ ఫోలిక్ యాసిడే మందైంది. ఇంట్లో మంచం మీద మొదలైన ప్రశ్న అది. మా పుస్తకాల్లో ఏటీపీ ఉంది, ఫోలిక్ యాసిడ్ ఉంది, ఆ మంచం మాత్రం లేదు. నేనూ ఇన్నేళ్లు క్లాసులో ఆ మంచం సంగతి ఎత్తలేదు, సిలబస్ అవ్వదని.

సాయంత్రం నాలుగింటికి అమ్మ లేచి కూర్చుంది. లీటరు ఓఆర్‌ఎస్ సీసా ఖాళీ. రెండు ఇడ్లీలు తింది, లెక్క సరిపోయింది అనుకున్నాను. నేను కాఫీ పెట్టుకుంటుంటే గదిలోంచి పిన్నితో ఫోన్‌లో మాటలు వినిపిస్తున్నాయి.

"ఆఁ, తగ్గిందిలే. సెలైన్ పెట్టించవే తల్లీ అంటే పెట్టించలేదు. ఉప్పునీళ్లు తాగించింది. మాగాయంటుంది, ఊటంటుంది, ఏంటో దాని గోల. నువ్వు రేపు కార్లో వస్తే చెప్పు, మనమే వెళ్లి ఒకటి పెట్టించుకొద్దాం."