లీగల్ నోటీసు పంపితే డొమైన్ చేతికి రాదు

కొత్త వ్యాపారం మొదలుపెట్టేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "మీకు నచ్చిన పేరుతో డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) ఎవరో కొనేసుకున్నా కంగారుపడకండి. వాడకుండా డొమైన్ దాచుకోవడం చట్టవిరుద్ధం. ముందు పేరు ఖాయం చేసుకుని ట్రేడ్‌మార్క్ తీసుకోండి. తర్వాత లీగల్ నోటీసు పంపితే వాళ్లే ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే గడువు తీరేదాకా ఆగి పట్టుకోండి." ఇదీ దాని సారాంశం. ఇది నమ్మి దిగినవాళ్లకు అసలు సంగతి బోర్డులూ కార్డులూ అచ్చయ్యాక గానీ తెలియదు. అందుకే ఒక్కో మాటా విప్పి చెబుతున్నాను.

వాడకుండా డొమైన్ ఉంచుకోవడం నేరం కాదు. డొమైన్లు కొని అమ్మడం బహిరంగంగా సాగే వ్యాపారం. మామూలు పదాలు ఎవరు ముందు రిజిస్టర్ చేసుకుంటే వాళ్లవి. వేరొకరి బ్రాండును చూసి, దాని మీద సొమ్ము చేసుకుందామని కొంటేనే తప్పు. అమ్మకానికి పెట్టిన ప్రతివాళ్లనూ స్క్వాటర్ (ఇతరుల పేరు కబ్జా చేసినవాడు) అంటే మన కోపం తీరుతుందేమో గానీ, కేసు నిలవదు.

అసలు ప్రమాదం ట్రేడ్‌మార్క్ మాటలో ఉంది. డాట్‌కామ్ లాంటి డొమైన్ల తగాదాల కోసం డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే సంస్థ 1999లో యూడీఆర్‌పీ అనే విధానం తెచ్చింది. అందులో ఫిర్యాదుదారు మూడు విషయాలూ రుజువు చేయాలి: డొమైన్ తన ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, లేదా తికమకపెట్టేంత దగ్గరగా ఉందని, అవతలివాళ్లకు ఆ పేరు మీద ఏ హక్కూ లేదని, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి, దురుద్దేశంతోనే వాడుతున్నారని. మూడోదాని దగ్గరే ఈ సలహా కూలిపోతుంది. 2012లో కొన్న డొమైన్ మీద నిన్నగాక మొన్న తీసుకున్న ట్రేడ్‌మార్క్ చూపిస్తే, అప్పటికి పుట్టని బ్రాండును మనసులో పెట్టుకుని ఎలా కొన్నారన్న ప్రశ్న వస్తుంది. దానికి మీ దగ్గర జవాబుండదు. మీ కంపెనీ వార్తల్లోకి రాగానే పరిగెత్తి కొన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ మీకు బలం ఉంటుంది.

కాబట్టి ముందు ఆ డొమైన్ రిజిస్ట్రేషన్ రికార్డు తెరవండి. యజమాని పేరు సాధారణంగా దాచేసి ఉంటుంది గానీ, క్రియేషన్ డేట్ కనిపిస్తుంది. మధ్యలో చేతులు మారితే మాత్రం ఇప్పటి యజమానికి దక్కిన తేదీయే లెక్క. తర్వాత ఆ పేజీ చూడండి. ఉత్త "అమ్మకానికి ఉంది" అన్న బోర్డేనా, లేక ఒక బ్రాండు సరుకుకు పోటీగా ఉన్న ప్రకటనల లింకులా? రెండోది దురుద్దేశానికి సాక్ష్యం కాగలదు.

ఖర్చూ తక్కువేం కాదు. ఈ ఫిర్యాదులు విచారించే వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ)లో, తీర్పు చెప్పే ప్యానెలిస్టు ఒక్కరే అయితే, 5 డొమైన్ల వరకు, ఫీజే 1500 డాలర్లు. లాయరు ఖర్చు వేరే. గెలిచినా డొమైన్ బదిలీ అవుతుంది, లేదా రద్దవుతుంది, అంతే. నష్టపరిహారం ఉండదు. హక్కు లేదని తెలిసీ కేసు వేశారని తేలితే "రివర్స్ డొమైన్ నేమ్ హైజాకింగ్", అంటే డొమైన్‌ను అన్యాయంగా లాక్కోజూశారని తీర్పులో రాస్తారు. ఆ తీర్పు మీ కంపెనీ పేరుతో సహా అందరికీ కనబడేలా ఆన్‌లైన్‌లో ఉంటుంది.

డబ్బున్న కంపెనీలకైనా ఇది చెల్లుతుందా? ఉజీ నిస్సాన్ అనే వ్యాపారి 1994లో తన ఇంటిపేరుతో నిస్సాన్ డాట్‌కామ్ తీసుకున్నారు. 1999లో కార్ల కంపెనీ కోర్టుకెక్కి ఏళ్ల తరబడి పోరాడింది. డొమైన్ ఆయన దగ్గరే ఉండిపోయింది.

గడువు తీరేదాకా ఆగమనడం ఇంకా అన్యాయం. డాట్‌కామ్ గడువు తీరిన రోజే ఖాళీ కాదు. రిజిస్ట్రార్‌ను (డొమైన్ నమోదు చేసే కంపెనీని) బట్టి పాత యజమాని రెన్యూ చేసుకోవడానికి 45 రోజుల దాకా గ్రేస్, ఆపైన వెనక్కి తీసుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్, తర్వాత మరో 5 రోజులు ఆగాకే తొలగిస్తారు. మంచి పేరైతే అప్పటికే వేలానికి పోతుంది.

పేరు ఖాయం చేయకముందే మూడు నాలుగు పేర్లు పక్కపక్కన పెట్టుకుని, వేటి డొమైన్ దొరుకుతుందో, వేటికి ఎంత అడుగుతున్నారో కనుక్కోవడం నయం. ఒకే పేరు మీద మనసు పడ్డామని అమ్మేవాళ్లకు తెలిస్తే ధర పెరుగుతుంది. నోటీసు పంపితే తెలిసేది అదే. పేరు వదులుకోలేకపోతే డొమైన్‌లో దానికి ఒక మాట చేర్చండి: డ్రాప్‌బాక్స్ మొదట గెట్‌డ్రాప్‌బాక్స్ డాట్‌కామ్ మీద నడిచింది, టెస్లా 2016 దాకా టెస్లామోటార్స్ డాట్‌కామ్ మీదే ఉంది. అయితే అసలు డొమైన్‌లో మీ రంగానికే చెందిన మరో వ్యాపారం నడుస్తుంటే ఈ దారి వద్దు, మీ కస్టమర్ల మెయిళ్లు అటు పోతాయి. కొనడమే మేలనుకుంటే డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర) పెట్టి, డొమైన్ మీ ఖాతాలోకి వచ్చాకే అమ్మినవాళ్లకు విడుదల చేయించండి.