నెట్ కార్డు తిన్నగా పనిచేస్తే మా గతేం కాను?

ఈమధ్య విశాఖపట్నంలో ఒక అనర్థం చాప కింద నీరులా పాకుతోంది. కుర్రాళ్లు కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్నారు, కేబుల్ గుచ్చుతున్నారు, నెట్ వచ్చేస్తోంది. ఎవర్నీ ఏమీ అడగటం లేదు. ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపుల మెట్ల దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడే మాలాంటి పెద్దల వంక కనీసం తల తిప్పి చూడటం లేదు. ఆర్కే బీచ్ కోతకు గురవుతోందంటే సభలు పెడతారు, రాళ్లు తెచ్చి పోస్తారు. మా పరపతి కోసుకుపోతుంటే మాత్రం ఒక్కడూ నోరు మెదపడు.

విషయం ఎంత తీవ్రమైందో తెలియాలంటే కాస్త చరిత్ర చూడాలి. 1973 మే 22న జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ గురించి, అంటే కంప్యూటర్లను తీగతో కలిపే పద్ధతి గురించి, ఒక మెమో రాశాడు. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని ఆయన ఆశ. దీనివల్ల మనుషులు మనుషుల కాళ్లావేళ్లా పడాల్సి వస్తుందని ఆయనకు తట్టి ఉండదు. మదర్‌బోర్డు మీది పాత ఐఎస్ఏ స్లాట్లలో కార్డులు గుచ్చే రోజుల్లో ఆ భాగ్యం నిండుగా ఉండేది. గోటితో తప్ప పట్టుబడని జంపర్ అనే బుల్లి తొడుగును పీకి పక్క సూదులకు తొడిగితే ఐఆర్‌క్యూ, అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే గంట నంబరు, మారేది. అది జారి టేబుల్ కింద పడిందా, ఆ పూటకి నెట్‌వర్క్ లేనట్టే. ఐఆర్‌క్యూ 5 నాకు కావాలనేది నెట్ కార్డు, నాకే కావాలనేది సౌండ్ కార్డు. పాటలు కావాలో నెట్ కావాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. అదయ్యాక కార్డు ఏ చిరునామాలో కాపురం ఉందో, 0ఎక్స్300 అని, బూట్ అయ్యేటప్పుడే లినక్స్ గుండెకాయైన కర్నెల్ చెవిన వేయాలి. ఆ సంఖ్య తెలిసినవాడికి పెళ్లిళ్లలో మొదటి బంతిలో విస్తరి వేసేవారంటే అతిశయోక్తి కాదు. సరే, అతిశయోక్తే. కానీ వేయాల్సింది.

పీసీఐ అనే కొత్త రకం స్లాటు వచ్చి ఐఆర్‌క్యూలు తనే పంచిపెట్టడంతో మా పతనం మొదలైంది. ఆ చీకట్లో మమ్మల్ని ఆదుకున్న పుణ్యం రియల్‌టెక్ వారిది. వారి 8139 నెట్ చిప్‌కు ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవర్, అంటే చిప్‌ను నడిపే ప్రోగ్రాం, రాసిన బిల్ పాల్, ఆ కోడ్‌లోనే ఒక వ్యాఖ్య రాసిపెట్టాడు: ఇంతవరకూ తయారైన పీసీఐ ఈథర్‌నెట్ కంట్రోలర్లలో బహుశా ఇదే అధ్వాన్నం అని. డ్రైవర్ రాసినవాడే ఇంత మాటన్న చిప్ ఊరూవాడా నిండింది. కారణం అందరికీ తెలిసిందే, చవక.

తర్వాత వచ్చిన గిగాబిట్ చిప్‌లతో మా అదృష్టం పండింది. చిప్ పేరు 8168. కర్నెల్‌తో పాటు వచ్చే డ్రైవర్ పేరు ఆర్8169. కంపెనీవారు విడిగా ఇచ్చే డ్రైవర్ పేరు ఆర్8168. 8168 చిప్‌కు 8169 డ్రైవర్ దొరికిందేమిటని కుర్రాడు కంగారు పడతాడు. నూటికి తొంభై సార్లు కర్నెల్‌లో ఉన్నదే సరిపోతుంది. సరిపోతుంది బాబూ అనేస్తే ఇక టీ ఎవడిప్పిస్తాడు? అందుకని గంభీరంగా తల పంకించి కంపెనీ డ్రైవరే కోడ్ నుంచి కంపైల్ చేసి తయారుచేసుకోమంటాం. దానికి కంపైలర్ కావాలి, కర్నెల్ హెడర్లు కావాలి, ఆర్8169 అడ్డురాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాలి. మొదటి రెండూ ఎక్కడుంటాయి? నెట్‌లో.

"ఏటి గురూ, నెట్ రాట్లేదా?"

"రాట్లేదండి. ఐపీ లింక్ అని కమాండ్ కొడితే, కంప్యూటర్ తనతో తను మాట్లాడుకునే ఎల్‌ఓ తప్ప ఇంకేటీ కనపడ్డం లేదు."

"డ్రైవర్ దింపుకో మరి."

"దేంతో దింపమంటారండీ? నెట్ లేదని కదా వచ్చాను."

"అదీ లినక్స్ అంటే!"

ఈ సంభాషణ మీద ఎన్ని సాయంత్రాలు గడిచాయో, ఎంత మురీ మిక్స్చర్ ఖర్చయిందో లెక్క లేదు. అలాంటి పవిత్రమైన చిక్కుముడిని ఫోన్లు ఒక్క వైరుతో విప్పేశాయి. యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే ఫోనే తనొక నెట్ కార్డునని వేషం కడుతుంది. ఆ వేషానికి కావలసిన డ్రైవర్ కర్నెల్‌లో ముందే ఉంటుంది. రాజమార్గం మూసేసి ఉంచిన ఇంట్లోకి పెరటి తలుపు తీసిపెట్టిన ద్రోహం ఇది. డెబియన్ అనే లినక్స్ రకం వారైనా కొన్నేళ్లు నిలబడ్డారు. కోడ్ చూసి మార్చుకునే స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను, అంటే చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రాంను, అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి రానివ్వలేదు, ఎవరి పెన్‌డ్రైవ్ వారు తెచ్చుకోవాల్సిందే అన్నారు. 2023 జూన్‌లో డెబియన్ 12తో వారూ లొంగిపోయారు. కంపెనీ డ్రైవర్ వేసుకున్నవాడు కర్నెల్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేసుకోవాలన్నది ఒక్కటే మాకు మిగిలిన ఆదాయం. డీకేఎంఎస్ అనేది ఆ పని దానంతటదే చేసేస్తుంది. దాని సంగతి మేం ఎవరికీ చెప్పం. మీరూ చెప్పకండి.

పేర్ల విషయంలో మాత్రం కాలం మా పక్షాన నిలిచింది. ఈత్0 అని నోరారా పిలుచుకునే కార్డును 2013లో, లినక్స్‌ను లేపి సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ వారు ఈఎన్‌పీ3ఎస్0 చేశారు. బస్సు (మదర్‌బోర్డులో కార్డు కూర్చునే దారి) 3, స్లాటు 0 అని అర్థం. మన ఊళ్లో గీతలు పెట్టి మూడు ముక్కలుగా రాసే డోర్ నంబరు లాంటిదన్నమాట. లోపల ఉండేవాడికి తెలుసు, కొరియర్ కుర్రాడు మాత్రం ఫోన్ చేసి కొండగుర్తు అడుగుతాడు. కొత్తగా ఇంకో కార్డు గుచ్చితే ఒక్కోసారి బస్సు నంబర్లు జరిగి పాత కార్డు పేరు మారిపోతుంది, రాత్రి దాకా పనిచేసిన కాన్ఫిగరేషన్ పొద్దున్నే అనాథ అవుతుంది. ఫ్రీబీఎస్‌డీవారు డ్రైవర్ పేరునే కార్డుకు పెట్టి, ఆర్‌సీ.కాన్ఫ్ అనే ఫైల్లో ఒక్క లైను రాసి ఊరుకుంటారు. ఒక్క లైనుతో అయిపోయే పనుల్ని మేం గౌరవించం.

ఇక ప్రకృతి మనకు చేసిన సాయం హైదరాబాద్ వారికి ఏడు జన్మలెత్తినా దొరకదు. లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు కిటికీ ఉన్న ఇల్లు తీసుకోండి. ఉప్పుగాలికి గ్రిల్లు తుప్పు పడుతుంది, తాళం బిగుసుకుంటుంది, కేబుల్ గుచ్చే ఆర్‌జే45 జాక్‌లో ఎనిమిది సూదుల్లో ఒకటి మసకబారుతుంది. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. కనక మిగతా రెండు జతల్లో ఒక్క సూది అలిగితే లింక్ చావదు, చతికిలబడుతుంది. ఈథ్‌టూల్ కమాండ్ కొడితే స్పీడు 100 అంటుంది. కర్నెల్ డైరీ అయిన డీమెసెజ్‌లో లింక్ డౌన్, లింక్ అప్, మళ్లీ లింక్ డౌన్. జాక్ పక్కన లైటు ఓసారి పచ్చగా, ఓసారి నారింజగా. ప్లగ్గు క్లిప్పు ఎప్పుడో విరిగింది, కరెంటు బిల్లు మడిచి సందులో కుక్కారు. అనుభవజ్ఞుడు ఆ కాగితం వైపు చూడడు. ముందు డ్రైవర్ మారుస్తాడు. తర్వాత కర్నెల్. ఆ తర్వాత, డిస్ట్రోలోనే, అంటే వేసుకున్న లినక్స్ రకంలోనే, ఏదో లోపముందని, మొత్తం లేపేసి ఇంకోటి వేస్తాడు. చివరికి ఇంటి ఇల్లాలు గది ఊడుస్తూ కేబుల్ పీకి, కొంగుతో తుడిచి గుచ్చుతుంది. స్పీడు 1000. ఆ ఘనత కొత్త డిస్ట్రోకు పోతుంది, దాన్ని ఎంచినవాడికి పోతుంది. ఎవరికి పోకూడదో వారికి మాత్రం పోదు.

కాబట్టి ప్రభుత్వం వారికి ఒక మనవి. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002 నుంచి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. సంతోషం. దాని పక్కనే చిన్న గది కట్టించండి. అందులో ఐఎస్ఏ స్లాటున్న మదర్‌బోర్డు ఒకటి, జంపర్‌తో సహా ఎన్‌ఈ2000 అనే పాత నెట్ కార్డు ఒకటి, వాటిని కలపగల పెద్దమనిషి ఒకడు, ప్రాణాలతో. జీతం అక్కర్లేదు. లోపలికొచ్చిన ప్రతివాడూ గుమ్మం దగ్గర ఆగి, "నెట్ రాట్లేదండీ" అని ఒక్కసారి అంటే చాలు. మిగతాది ఆయనే చూసుకుంటాడు, సాయంత్రం దాకా. గదిలో వైఫై మాత్రం పెట్టించకండి.